పిల్లల చెయ్యి కాదు, చేతిలో వస్తువు మార్చండి

కుడిచేతి కత్తెరను ఎడమ చేత్తో పట్టుకుంటే పల్చటి గుడ్డ తెగదు, నలుగుతుంది. చూసేవాళ్లు చేతిలో బలం లేదంటారు, అలవాటు లేదంటారు. రెండూ కావు. కత్తెర కోయడానికి అలుగుల పదును సగం కారణమే. మిగతా సగం ఆ రెండు అలుగులూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మూసుకోవడం. పిడికిలి బిగించేటప్పుడు బొటనవేలు కాస్త బయటికి నెడుతుంది, మిగతా వేళ్లు అరచేతి వైపు లాగుతాయి. కత్తెర చేసేవాళ్లు కుడిచేతి నెట్టుడునూ లాగుడునూ లెక్కలో పెట్టుకునే అలుగులను ఒకదాని పక్కన ఒకటి బిగిస్తారు. ఆ బలానికి అలుగులు మరింత దగ్గరికి అదుముకుంటాయి. అదే కత్తెర ఎడమ చేతిలోకి వెళ్తే అదే బలం వాటిని విడదీస్తుంది. వెంట్రుకవాసి సందు ఏర్పడితే చాలు, వాయిల్ గుడ్డ, పాలిథిన్ సంచి అందులోకి మడతపడి ఇరుక్కుంటాయి. గట్టి అట్టముక్క మాత్రం మడతపడదు కనుక తెగుతుంది. "అట్ట కోశావుగా, ఇదెందుకు రాదు?" అని పిల్లల మీద విసుక్కునేది ఇక్కడే.

రెండో ఇబ్బంది చూపుది. కుడిచేతి కత్తెరలో పై అలుగు కుడిపక్కన ఉంటుంది. కుడి చేత్తో కోసేవాళ్లు ఎడమ నుంచి చూస్తారు కనుక సుద్దగీత, దాని మీద పడే కోత రెండూ కళ్లెదుటే ఉంటాయి. ఎడమ చేత్తో కోసేవాళ్లకు ఆ పై అలుగే గీతను కప్పేస్తుంది. వంగి, మెడ పక్కకు తిప్పి చూడాలి, లేదా అంచనాగా కోయాలి. అంచనాగా కోస్తే గీత పక్కకు పోతుంది.

కత్తెర ఏ చేతిదో కొట్లోనే తేల్చుకోవచ్చు. కోసే భంగిమలో, మొనలు మీకు దూరంగా ఉండేలా పట్టుకుని కొంచెం తెరవండి. పై అలుగు కింది అలుగుకు కుడిపక్కన ఉంటే కుడిచేతిది, ఎడమపక్కన ఉంటే ఎడమచేతిది. తిరగేసి పట్టుకున్నా ఇది మారదు. "రెండు చేతులకూ పనికొస్తుంది" అని అట్ట మీద అచ్చేసి అమ్మేవాటిలో వేళ్లు పెట్టే రింగులు మాత్రమే రెండు చేతులకూ సరిపోతాయి, అలుగులు కుడిచేతివే ఉంటాయి. మర విప్పి అలుగులు అటూ ఇటూ మార్చి బిగిస్తే సరిపోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. సరిపోదు. పదును పట్టిన ఏటవాలు అలుగు బయటి ముఖాన ఉంటుంది, లోపలి ముఖం సన్నగా వంపు తిరిగి ఉంటుంది. మార్చి బిగిస్తే ఒరుసుకోవలసిన అంచులు కలవవు. సానబట్టేవాడి దగ్గరికి తీసుకెళ్లినా ఇది జరిగే పని కాదు.

ఎడమచేతి కత్తెర దొరికేదాకా ఒక ఉపాయం ఉంది. మధ్య మరను కొద్దిగా బిగించండి. ఒక పిడి పట్టుకుని రెండోదాన్ని పూర్తిగా తెరిచి వదిలితే సగందాకా జారి ఆగాలని టైలర్లు చూసుకుంటారు. ఎడమ చేత్తో వాడేటప్పుడు సగానికి ముందే ఆగేంత బిగువు ఉంటే అలుగులు విడిపోవడం తగ్గుతుంది. దాంతోపాటు బొటనవేలిని అరచేతి వైపు లాగుతూ, మిగతా వేళ్లను బయటికి నెడుతూ కోయాలి. గుడ్డ తెగుతుంది, కానీ రోజంతా ఇలా కోస్తే బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది. పొద్దస్తమానం బ్లౌజులు కోసేవాళ్లకు ఇది ఉపాయం కాదు, శిక్ష. వాళ్లు ఎడమచేతి కత్తెర ఆర్డరిచ్చి తెప్పించుకోవడమే మంచిది.

కత్తెర గురించి ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. ఎడమచేతివాటం గురించి మన మాటలన్నీ చెయ్యి చుట్టూ, మెదడు చుట్టూ, జాతకం చుట్టూ తిరుగుతాయి. వస్తువు వైపు ఎవరూ చూడరు. నా వాదన ఒక్కటే. పుర్రచేతివాళ్ల కష్టంలో చాలా భాగం వస్తువుల తయారీలో ఉంది, దాన్ని వస్తువుల్లోనే సరిచేయాలి.

ఒక వస్తువుకు కుడీ ఎడమా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి అద్దం చాలు. ప్రతిబింబం అచ్చం వస్తువులాగే ఉంటే అది ఏ చేతికైనా ఒకటే. సుత్తి, చెంచా, కొబ్బరికోరు అలాంటివి. మన కత్తిపీట ఈ విషయంలో చాకు కంటే నయం. అలుగు మధ్యలో నిలబడి ఉంటుంది, కూరగాయను రెండు చేతులతో పట్టుకుంటాం, ఏ చెయ్యి నెట్టినా తెగుతుంది. ఒకవైపే పదునున్న పీలర్, ఒకవైపే మూతి ఉన్న గరిటె, ఒకే పక్క పదును పెట్టిన పళ్ల చాకు మాత్రం కుడిచేతివి. పీలర్ కొనేటప్పుడు ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో ఉన్నదో, అలుగుకు రెండంచులా పదునున్నదో తీసుకుంటే గొడవ లేదు. పెన్సిల్ చెక్కే షార్ప్‌నర్‌కూ ఒక వాటం ఉంది. ఎడమ చేత్తో పెన్సిల్‌ను తిప్పినా, షార్ప్‌నర్‌నే తిప్పినా తిప్పవలసిన దిశ మారదు. చొక్కా జేబు ఎడమ రొమ్ము మీద ఉండేది కుడి చెయ్యి అందుకోవడానికే. కుట్టించుకునేవాళ్లు కొలతలిచ్చేటప్పుడే "జేబు కుడివైపు" అని చెబితే టైలర్‌కు అదనంగా పడే పనేమీ లేదు.

స్క్రూ సంగతి ఇంకా ఆసక్తికరం. అరచెయ్యి పైకి తిరిగేలా ముంజేతిని తిప్పినప్పుడు జబ్బ ముందు కండ తోడొస్తుంది కాబట్టి ఆ తిప్పుడులో బలం ఎక్కువ. కుడిచేతికి అది గడియారం ముల్లు తిరిగే దిశ, అంటే స్క్రూ బిగించే దిశ. ఎడమచేతికి అది విప్పే దిశ. అందుకే ఎడమ చేత్తో స్క్రూ బిగించడం కష్టం, బిగుసుకుపోయిన ఊరగాయ సీసా మూత తీయడం తేలిక. మామూలుకు వ్యతిరేక దిశలో బిగిసే ఎడమ మరలు చేయడం ఫ్యాక్టరీలకు చేతకాదని కాదు. ప్రతి సైకిల్‌కూ ఎడమ పెడల్ మర తిరగేసే ఉంటుంది, లేకపోతే తొక్కుతుంటే ఊడిపోతుంది. టేబుల్ ఫ్యాన్ రెక్కల ముందుండే మూత తీయాలంటే గడియారం దిశలో తిప్పాలి. గ్యాస్ వెల్డింగ్‌లో ఎసిటిలిన్ సిలిండర్‌కు లెఫ్ట్ థ్రెడ్, ఆక్సిజన్‌కు మామూలు థ్రెడ్. పొరపాటున ఒకదాని గొట్టం ఇంకోదానికి బిగిస్తే ప్రాణం పోతుంది కనుక ఆ తేడా పెట్టారు. అవసరం యంత్రానిదైతే ఎడమ మర వస్తుంది. మనిషిదైతే "అలవాటు చేసుకో" అంటారు.

వృత్తుల్లోకి వస్తే దెబ్బ గట్టిగా తగిలేది పనిముట్టుకు ఒకే ముఖం ఉన్నచోట. వరి కోసే కక్కుల కొడవలికి పళ్లు ఒక ముఖం మీదే కొడతారు. దాన్ని తిరగేసి ఎడమ చేత్తో పట్టుకుంటే పళ్లున్న ముఖం కిందిది పైకొస్తుంది. పిడి నేలకు తగలకుండా కాస్త పైకి వంచి ఉంటే, తిరగేసినప్పుడు ఆ వంపు కిందికి వచ్చి వేలి కణుపులు నేలకు రాసుకుంటాయి. ఊళ్లో కమ్మరి కొలిమి ఉంటే, పళ్లు కొట్టకముందే చెప్పి అవతలి ముఖం మీద కొట్టించుకోవాలి. పళ్లు పడ్డాక చేయగలిగింది లేదు. కోత వరసలో ఎడమచేతి మనిషిని చివర నిలబెట్టాలి, మధ్యలో ఉంటే రెండు కొడవళ్లు ఎదురెదురుగా వస్తాయి.

ఆసుపత్రిలోనూ ఇదే కథ. కుట్లు వేసేటప్పుడు సూదిని పట్టుకునే పరికరానికి పిడి దగ్గర పళ్ల గొళ్లెం ఉంటుంది. కుడి బొటనవేలు బయటికి నెడితే విడిపోయేలా దాన్ని చేస్తారు. ఎడమ చేత్తో విడిపించాలంటే బొటనవేలిని లోపలికి లాగాలి. కత్తెర దగ్గర చెప్పిన చిక్కే ఇది. దంతవైద్యంలో రోగి తలను గడియారంగా ఊహించుకుంటే కుడిచేతి వైద్యులు 9 గంటల వైపు కూర్చుంటారు, ఎడమచేతివాళ్లకు 3 గంటల వైపు కావాలి. కుర్చీకి బిగించిన ట్రే, డ్రిల్లు గొట్టాలు అవతలి వైపు ఉంటే ప్రతిసారీ రోగి మీదుగా చెయ్యి చాపాలి. ఇలా కుడివైపు నుంచే నేర్చుకోమని విద్యార్థులను నెట్టే కాలేజీలకు నేను చెప్పేదొకటే. అటూ ఇటూ తిప్పుకోగలిగే యూనిట్ ఒక్కటైనా కొనండి.

ఇంట్లో పనులు నేర్పడానికి ఖర్చు లేని పద్ధతి ఉంది. పూలు కట్టడం, బూటు తాడు ముడి, ఊలు అల్లిక లాంటివి నేర్పేటప్పుడు పక్కన కూర్చోకుండా ఎదురుగా కూర్చోండి. మీ కుడిచెయ్యి చేసేది పిల్లకు అద్దంలోలా తన ఎడమచేతి పనిగా కనిపిస్తుంది. అక్షరాలు నేర్పేటప్పుడు మాత్రం ఇది పనికిరాదు. అద్దంలో తిరగబడిన 'క' ఇక 'క' కాదు.

రాత దగ్గరే అసలు పని ఉంది. తెలుగు ఎడమ నుంచి కుడికి సాగుతుంది. కుడిచెయ్యి రాసినదానికి దూరంగా జరుగుతూ పోతుంది, ఎడమచెయ్యి రాసినదాని మీదికే వస్తుంది. పలక మీద బలపం అక్షరం చెరిగిపోతుంది, కాగితం మీద సిరా అలుక్కుపోతుంది. దాన్ని తప్పించుకోవడానికి పిల్లలు మణికట్టును కొక్కెంలా వంచి పై నుంచి రాయడం మొదలుపెడతారు. అది పట్టుబడితే మాన్పించడం కష్టం. చేతికి నొప్పి, వేగం తక్కువ. పైగా తెలుగు రాతకు ఇంగ్లీషు కంటే నిలువు జాగా ఎక్కువ కావాలి. అక్షరం, పైన గుడి, కింద ఒత్తు. కొక్కెం చెయ్యి పై వరసను కప్పుతూ, తడి ఆరని సిరాను తుడుస్తూ పోతుంది. గీతకు కింద ఉన్న చెయ్యి ఖాళీ కాగితాన్నే కప్పుతుంది.

కాబట్టి మొదటి రోజు నుంచే మూడు సంగతులు చూడాలి. కాగితం ఒంటికి నడిమధ్యన కాకుండా కొంచెం ఎడమకు ఉండాలి. దాన్ని గడియారం దిశలో 30 నుంచి 45 డిగ్రీలు తిప్పాలి. ముంజెయ్యి ఎటు వాలుతుందో కాగితం నిలువు అంచు కూడా అటే వాలితే సరైన వాలు. కుడిచేతి పిల్లలకు చెప్పినట్టు అవతలి వైపు తిప్పిస్తే కొక్కెం తప్పదు. పెన్సిల్‌ను మొన నుంచి 2.5 నుంచి 4 సెంటీమీటర్ల పైన పట్టుకోవాలి. మొనకు మరీ దగ్గరగా పట్టుకుంటే వేళ్లే అక్షరాన్ని కప్పేస్తాయి, అది చూడటానికి బిడ్డ మళ్లీ మణికట్టు వంచుతుంది.

కాపీ పుస్తకంలో నమూనా అక్షరం ఎప్పుడూ ఎడమ అంచునే ఉంటుంది. ఎడమచేతి బిడ్డ రాయడానికి చెయ్యి పెట్టగానే అది మాయం. పంతులమ్మ ఆ వరసకు కుడి కొసన కూడా ఒకసారి రాసిస్తే సగం తప్పులు ఆగుతాయి. బెంచీ మీద కూర్చున్నవాళ్ల లెక్కన ఎడమ కొసన కూర్చోబెడితే పక్క పిల్లాడి కుడి మోచేతితో పోట్లాట ఉండదు, కానీ ఆ కొస గోడకు ఆనుకుని ఉండకూడదు. వెలుతురు కుడివైపు నుంచి రావాలి. తరగతి గదుల్లో కిటికీలు పిల్లల ఎడమవైపు ఉండాలన్న పద్ధతి కుడిచేతివాళ్ల నీడ లెక్కన పుట్టింది.

పెన్ను విషయంలో గొప్పలకు పోనవసరం లేదు. జెల్ పెన్ను సిరా ఆరడానికి టైము పడుతుంది, మామూలు బాల్ పెన్ను సిరా నూనెతో చేసింది కనుక వెంటనే పట్టుకుంటుంది. కుడిచెయ్యి పెన్నును లాగుతుంది, ఎడమచెయ్యి నెడుతుంది. నెట్టినప్పుడు సన్నటి నిబ్బు కాగితాన్ని గీరుతుంది, అందుకని ఫౌంటెన్ పెన్ను కావాలనుకునేవాళ్లు మొన గుండ్రంగా, మధ్యస్థంగా ఉన్న నిబ్బు చూసుకోవాలి. స్పైరల్ నోట్సు ఎడమ అంచున చేతికి గుచ్చుకుంటుంది. స్పైరల్ పైన ఉన్నది కొనండి.

హైదరాబాదులో ఉర్దూ రాసే ఎడమచేతి పిల్లలను గమనిస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు వెళ్తుంది. అక్కడ ఎడమచెయ్యి పెన్నును లాగుతుంది, సిరా అలకదు, రాసినది కనిపిస్తూనే ఉంటుంది. అవస్థ కుడిచేతివాళ్లది. అదే బిడ్డ తర్వాతి పీరియడ్‌లో తెలుగు నోట్సు తెరిస్తే మళ్లీ అరచెయ్యంతా నీలం. చేతిలో లోపం ఉంటే అది ఒక పీరియడ్‌లో వచ్చి ఇంకో పీరియడ్‌లో పోదు కదా.

ఇక చెయ్యి మార్పించడం గురించి. అక్షరాభ్యాసం రోజు బియ్యంలో కుడిచెయ్యి పట్టి రాయించినదానితో నష్టమేమీ లేదు, అది ఒక పూట వేడుక. ఆ తర్వాత కూడా ఎడమ చేతిలోంచి బలపం లాక్కోవడం వేరే సంగతి. చేతివాటం బిడ్డ మొండితనం వల్ల వచ్చేది కాదు. 2005లో పీటర్ హెప్పర్ అనే పరిశోధకుడి బృందం ఒక పరిశీలన ప్రచురించింది. గర్భంలో ఉండగా స్కానింగులో ఏ బొటనవేలు చీకారో చూసి పెట్టిన 75 మందిని, 10-12 ఏళ్ల వయసులో మళ్లీ చూశారు. కుడి వేలు చీకిన 60 మందీ కుడిచేతివాటమే. ఎడమ వేలు చీకిన 15 మందిలో 10 మంది ఎడమచేతివాటం, 5గురు కుడికి వచ్చారు. చిన్నప్పుడు చెయ్యి మార్పించిన పెద్దవాళ్లు కుడి చేత్తో రాస్తున్నప్పుడు మెదడును స్కాన్ చేసిన పరిశోధన 2002లో వచ్చింది. దశాబ్దాల తర్వాత కూడా పుట్టుకతో కుడిచేతివాళ్లలా కాకుండా, ఎడమచేతిని నడిపే వాళ్ల మెదడు కుడి సగం, అంటే కుడి అర్ధగోళం, ఇంకా పని చేస్తూనే ఉంది. బయటికి చెయ్యి మారింది, లోపల మారలేదు. స్కేలుతో వేళ్ల మీద కొట్టే ఉపాధ్యాయులకు ఇంకోటి కూడా గుర్తుచేయాలి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది.

తిండి విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చదు. కుడి చేత్తో తినమని మెల్లగా నేర్పడం తప్పని నేననుకోను. ముద్ద కలిపి నోట్లో పెట్టుకోవడానికి రాతకు కావలసినంత నైపుణ్యం అక్కర్లేదు. ఎడమ చేత్తో రాస్తూ కుడి చేత్తో తినేవాళ్లు తెలుగు ఇళ్లలో కొల్లలు. బంతి భోజనంలో మోచేతులు తగలవు, కుడిచెయ్యి ఎంగిలైనప్పుడు గరిటె, మంచినీళ్ల గ్లాసు అందుకునేది ఎటూ ఎడమచెయ్యే. కానీ బిడ్డ ఎడమ చేత్తోనే తింటానంటే దాన్ని పెద్ద యుద్ధం చేయొద్దు. బంతికి ఎడమ కొసన కూర్చోబెట్టండి. శుభ్రత కోసమైతే సబ్బు ఉంది. దుకాణంలో ఎడమ చేత్తో డబ్బులిస్తే మొహం మాడ్చుకునే పెద్దలకు మాత్రం నా దగ్గర ఉపాయం లేదు.

తిట్టేవాళ్లకంటే పొగిడేవాళ్లతో వచ్చే చిక్కు తక్కువేం కాదు. ఏటా ఎడమచేతివాళ్ల దినం ఆగస్టు 13 వచ్చేసరికి ఎడమచేతివాళ్లు సృజనశీలురని, వాళ్లది "కుడి మెదడు" అని వాట్సాప్‌లో తిరుగుతుంది. భాషను ఎక్కువగా ఎడమ అర్ధగోళమే నడపడం కుడిచేతివాళ్లలో దాదాపు 95 శాతానికి, ఎడమచేతివాళ్లలో దాదాపు 70 శాతానికి ఉంది. అంటే ఎక్కువమంది ఎడమచేతివాళ్ల మెదడు కూడా ఈ విషయంలో మీలాంటిదే. ఎడమచేతివాళ్లు తొమ్మిదేళ్లు ముందే చనిపోతారన్న వార్త ఇంకొకటి. 1991లో స్టాన్లీ కోరెన్, డయాన్ హాల్పెర్న్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దక్షిణ కాలిఫోర్నియాలో మరణించినవాళ్ల లెక్కలు తీసి, కుడిచేతివాళ్ల సగటు మరణ వయసు 75, ఎడమచేతివాళ్లది 66 అన్నారు. లెక్కలో చిక్కుంది. 1900 ప్రాంతంలో పుట్టిన ఎడమచేతివాళ్లలో చాలామందికి బడిలోనే చెయ్యి మార్పించారు. ముసలితనంలో పోయినవాళ్లు కుడిచేతి ఖాతాలో పడ్డారు. ఎడమ ఖాతాలో మిగిలింది ఎక్కువగా తర్వాత పుట్టి చిన్న వయసులో పోయినవాళ్లు. చనిపోయిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సగటు వయసు చూసి ఆ ఉద్యోగం ఆయుష్షు తగ్గిస్తుందన్నట్టుంది. ఉద్యోగమే కొత్తదైతే అందులో ముసలివాళ్లు ఎక్కడినుంచి వస్తారు?

2020లో ఎన్నో దేశాల పరిశోధనలను కలిపి, 20 లక్షలకు పైగా మందిని లెక్కలోకి తీసుకున్నప్పుడు ఎడమచేతివాళ్లు 10.6 శాతం అని తేలింది. మన చట్టాల ప్రకారం ఇది వైకల్యం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో లేదు, ఉండకూడదు కూడా. అయితే దానివల్ల ఆ చట్టం కింద పరీక్ష కేంద్రాల్లో వీళ్లకు ఏర్పాట్లూ రావు. కనుక అభ్యర్థులే కొన్ని తెలుసుకుని వెళ్లాలి. ఓఎమ్ఆర్ పరీక్షలో జవాబు పత్రం ఎడమవైపు, ప్రశ్నల పుస్తకం కుడివైపు పెట్టుకోవాలి. అందరిలా పెట్టుకుంటే ప్రతి ప్రశ్నకూ చెయ్యి పుస్తకం మీదుగా వెళ్తుంది, వరస తప్పి బబుల్ నింపేది అప్పుడే. కంప్యూటర్ పరీక్షలో మౌస్ బటన్లు మార్చే సెట్టింగు తెరవనివ్వరు. మౌస్‌ను ఎడమకు జరుపుకుని మధ్యవేలితో నొక్కడం ఇంట్లో వారం రోజులు సాధన చేస్తే సరిపోతుంది. వైరు చాలదన్న సంగతి పరీక్ష మొదలయ్యే ముందే పర్యవేక్షకులకు చెప్పాలి.

అన్నిటికంటే ఇబ్బంది కుడివైపు రాత ప్యాడు ఉన్న కుర్చీ. మూడు గంటలు నడుము మెలితిప్పి, మోచేతికి ఆనుడు లేకుండా రాయాలి. ఎడమపక్క కుర్చీ ఖాళీగా ఉంటే దాన్ని దగ్గరికి జరుపుకుని దాని ప్యాడు మీద రాసుకోవచ్చు. పరీక్షలో అది కుదరదు. కాలేజీలు కుర్చీలు కొనేటప్పుడు 60 సీట్ల గదికి 6 ఎడమ ప్యాడు కుర్చీలు అడగాలి. అది సగటు మాత్రమే, ఒక్కో బ్యాచులో తొమ్మిది పదిమంది కూడా ఉంటారు. ప్యాడు ఏ వైపుకైనా బోల్టులతో బిగించేలా ఫ్రేముకు రెండు పక్కలా రంధ్రాలు పెట్టించుకుంటే స్పానర్‌తో మార్చుకోవచ్చు. వెల్డింగుతో ఉన్న పాత కుర్చీలను కోయించి అతికించేవాళ్లు ఒకటి చూసుకోవాలి. పలకను అలాగే తీసుకెళ్లి ఎడమవైపు పెడితే పొట్ట దగ్గర ఉండాల్సిన వంపు బయటికి పోతుంది, తిరగేస్తే లామినేషన్ లేని అడుగు భాగం పైకొస్తుంది. పాత పలకను తిరగేసి కొత్త ప్లైవుడ్ మీద గీత గీయించి, దాని ప్రకారం కొత్తది కోయించుకోవాలి.